శ్వేతాలయపు గోడ మీద మారుడు: వాట్ రోంగ్ ఖున్ గురించి ఒక విమర్శ

థాయ్‌లాండ్ ఉత్తరపు కొసన, చియాంగ్ రాయ్ నగరానికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో, ప్రధాన రహదారి పక్కనే ఉన్న వాట్ రోంగ్ ఖున్ గురించి మన దేశంలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. యాత్రాసంస్థల వారు దానిని ‘శ్వేతాలయం’ అని పిలిచి తప్పక చూడవలసిన వింతలలో చేరుస్తారు. బౌద్ధకళా చరిత్ర చదివినవారిలో పలువురు దాని పేరు వినగానే పెదవి విరుస్తారు; గోడల మీద సూపర్‌మ్యాన్, మైకేల్ జాక్సన్, హలో కిట్టీ బొమ్మలున్న చోటును విహారమని పిలవడానికే వారికి మనసొప్పదు. ఈ రెండు అభిప్రాయాలూ కట్టడాన్ని నిలిచి చూడకముందే ఏర్పడినవి. ఆ నిర్మాణంలో లోపం లేకపోలేదు. అయితే అది అందరూ వేలెత్తి చూపే చోట లేదని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

కర్త గురించి క్లుప్తంగా. చలెర్మ్‌చాయ్ ఖోసిత్‌పిపత్ 1955లో ఈ రోంగ్ ఖున్ గ్రామంలోనే జన్మించారు. బాంకాక్‌లోని శిల్పాకర్న్ విశ్వవిద్యాలయంలో చిత్రకళ అభ్యసించారు. 1980ల దశకంలో లండన్ నగరపు వింబుల్డన్ ప్రాంతంలో ఉన్న బుద్ధపదీప విహారానికి, పన్యా విజిన్‌థనసార్న్ అనే మరొక చిత్రకారునితో కలిసి కుడ్యచిత్రాలు వేశారు. మార్గరెట్ థాచర్, మదర్ థెరిసా వంటి సమకాలికుల రూపాలు ఆ గోడల మీద కనబడడం అప్పుడే చర్చకు దారితీసింది. స్వగ్రామంలోని పాత విహారం శిథిలమై, మరమ్మతుకు ధనం చాలని స్థితిలో ఉండగా, దానిని సమూలంగా తిరిగి కట్టే పనిని 1997లో తన సొంత సొమ్ముతో ఆరంభించారు. 2011లో ఆయనకు థాయి ప్రభుత్వం జాతీయ కళాకారుడన్న గౌరవమిచ్చింది. ప్రణాళికలో మొత్తం తొమ్మిది కట్టడాలున్నాయి. వాటిలో ఉపోసథాగారం, ధాతుమందిరం, ధ్యానశాల, భిక్షువుల నివాసాలు, చిత్రశాల చేరి ఉన్నాయి. పని 2070 ప్రాంతానికి గాని ముగియదని అంచనా. అంటే తన ఆయుష్షులో పూర్తి కాదని తెలిసే మొదలుపెట్టిన పని ఇది.

ఇప్పుడు కట్టడం లోపలికి నడుద్దాం. ఎదుట చిన్న కొలను. దాని మీదుగా ఇరుకైన వంతెన. వంతెనకు ముందు గుండ్రని గోతిలో నుంచి వందలాది చేతులు పైకి చాచి ఉంటాయి. అవి తృష్ణకు లొంగి సంసారంలో మునిగినవారి చేతులు. వాటిలో ఒక్క వేలి గోటికి మాత్రం ఎర్రని రంగు ఉంది. వంతెన దాటగానే ద్వారం దగ్గర రాహువు, మృత్యువు కాపలా. ఆపైన మూడంతస్తుల కప్పుతో ఉపోసథాగారం, థాయి భాషలో ఉబోసోత్. కప్పు అంచుల మీద ఏనుగు, నాగం, హంస, సింహం అంగాలు కలిసిపోయి ఉంటాయి; ఇవి భూమి, జలం, వాయువు, అగ్ని అనే నాలుగు ధాతువులకు సంకేతాలు. అంతా తెలుపే. గచ్చులో పొదిగిన అద్దపు ముక్కలు ఎండకు కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి. తెలుపు బుద్ధుని పరిశుద్ధి అనీ అద్దం ఆయన ప్రజ్ఞ అనీ కర్త వివరణ. ప్రాంగణంలో బంగారు రంగుతో వేరుగా నిలిచిన మరొక విశాలమైన భవనం కూడ ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే అది మరుగుదొడ్డి. తెలుపు చిత్తానికి, బంగారం దేహానికి, లౌకిక వాంఛకు గుర్తులట.

తెల్లని చేతియం మనకు కొత్త కాదు. ఇటుక అండానికి సున్నపు పూత పూయడం దక్షిణాపథంలోనూ సింహళంలోనూ ప్రాచీనమైన ఆచారం. అనురాధపురంలోని రువన్‌వెలిసాయ నేటికీ తెల్లగానే నిలిచి ఉంది. అయితే ఆ తెలుపుకు ఒక స్వభావం ఉంది. వానకు కరుగుతుంది, నాచు పడుతుంది, మళ్ళీ పూయవలసి వస్తుంది. పూసే పని పుణ్యకార్యంగా ఎవరో ఒకరి చేతికి తిరిగి తిరిగి అందుతుంది. సున్నం తట్ట మోయడానికి శిల్పవిద్య అక్కరలేదు. వాట్ రోంగ్ ఖున్ తెలుపు అటువంటిది కాదు. ఒక్కొక్క లతకొస, ఒక్కొక్క జ్వాలారేఖ శిక్షణ పొందిన పనివారి చేతి నుంచే రావాలి. అద్దపు ముక్క ఊడితే వారే పొదగాలి. ఊరివాడు వచ్చి చేయి వేయడానికి అందులో చోటు లేదు. (సున్నం మాట వచ్చింది కనుక ఒక సంగతి చెప్పక తప్పదు. అమరావతి మహాచైత్యపు చెక్కడపు పలకలు 18వ శతాబ్దం చివరిలోనూ ఆ తరువాతా కొన్ని బట్టీలకెక్కి సున్నమైపోయాయి. మన శిల్పంలో కొంత భాగం ఎవరి ఇంటి గోడల మీద తెల్లగా మెరిసిందో!)

వంతెన గురించి పెద్ద తగాదా లేదు. ద్వారం వద్దనే సంసారాన్ని చూపడం వినయ సంప్రదాయంలో ఉన్నదే. మూలసర్వాస్తివాద వినయంలో ఒక కథ వస్తుంది. జేతవనాన్ని దానం చేసిన తరువాత అనాథపిండికుడు గోడలు బోడిగా ఉన్నాయని భావించి, చిత్రాలు వేయించవచ్చునా అని బుద్ధుని అడిగిస్తాడు. ఏ చోట ఏ చిత్రం ఉండాలో అప్పుడు నిర్దేశం జరుగుతుంది. వెలుపలి ద్వారం వద్ద దండధారులైన యక్షులు, ముంగిట భవచక్రం, భోజనశాలలో ఆహారం మోసే యక్షులు, జలశాలలో నాగులు, రోగుల గదిలో రోగికి పరిచర్య చేస్తున్న తథాగతుడు. అజంతా 17వ గుహ వరండాలో భవచక్రం ఉండడానికి వెనుక ఈ ఆలోచనే ఉంది. రోంగ్ ఖున్ వంతెన ఆ భవచక్రానికి నడిచి దాటే రూపం. దానిని వింతగా చూసేవారు మన గుహను మరచిపోయినవారే.

ఆ నిర్దేశంలోనే మరుగుదొడ్డి ప్రస్తావన కూడ ఉంది. అక్కడ వేయవలసినది శవం రూపం. దేహపు పనికి వెళ్ళినవాడు దేహపు గతిని చూసి రావాలన్నమాట. చలెర్మ్‌చాయ్ అదే స్థలాన్ని తీసుకుని దానిని బంగారంతో కప్పారు. సంకేతం అర్థమవుతూనే ఉంది; బంగారాన్ని మలశాలకు కట్టబెట్టడంలో ఒక చురుకైన వెక్కిరింపు ఉంది. కాని చూసేవారు ఆ వెక్కిరింపును గ్రహిస్తున్నారా? ఆ భవనం ముందు నిలబడి ఫొటో తీయించుకునేవారికి అది మరొక సుందర మందిరం. శవాన్ని గీసిన గోడ ముందు నిలబడి ఎవరూ ఫొటో తీయించుకోరు. వ్యంగ్యం ఎంత మెరుగు పెడితే అంత ప్రశంసగా మారిపోయే ప్రమాదం ఈ కట్టడమంతటా ఉంది. పాత నియమం చెప్పినవారు ఆ ప్రమాదాన్ని ఎరిగే చెప్పారనిపిస్తుంది.

ఇక అందరూ మాట్లాడే గోడ. ఉపోసథాగారంలోకి ప్రవేశించి వెనక్కి తిరిగి చూస్తే, ద్వారం ఉన్న గోడంతా నారింజరంగు మంటలు, వాటి నడుమ ఒక మహారాక్షస ముఖం. దాని కనుపాపలలో జార్జి బుష్, ఒసామా బిన్ లాడెన్. చుట్టూ మండుతున్న న్యూయార్క్ జంటశిఖరాలు, యుద్ధవిమానాలు, చలనచిత్ర వీరులు, బాలల బొమ్మలు. లోపల ఛాయాచిత్రాలు తీయరాదన్న నిబంధన ఉంది కనుక ఈ గోడ గురించి వినికిడి ఎక్కువ, చూపు తక్కువ.

ఇది అపచారమా? థాయి ఉపోసథాగారపు అలంకరణ క్రమం తెలిసినవారు ఆ మాట అనరు. ప్రధాన బుద్ధప్రతిమకు ఎదురుగా, అంటే ద్వారం పైన, మారవిజయాన్ని చిత్రించడం అక్కడ స్థిరపడిన సంప్రదాయం. భూదేవి తన జుట్టు పిండి మారసేనను నీట ముంచే దృశ్యం వందల విహారాలలో ఆ గోడ మీదనే ఉంది. ఆ సేనలో పరదేశీయులను చేర్చడమూ పాత అలవాటే. 18, 19వ శతాబ్దాల చిత్రాలలో టోపీలు ధరించి తుపాకులు పట్టిన ఐరోపా సైనికులు మారుని పక్షాన నిలిచి కనబడతారు. తుపాకి స్థానంలోకి విమానం వచ్చింది. టోపీ సైనికుని స్థానంలోకి గాలిలో ఎగిరే వీరుడు వచ్చాడు. ఆ మాటకు వస్తే మన కృష్ణాతీరపు శిల్పి కూడ పరదేశిని చూసి జడిసినవాడు కాడు. నాగార్జునకొండలో దొరికిన ఒక స్తంభం మీద శకుల వేషంలో, పొడుగు అంగీతో నిలిచిన భటుడున్నాడు. అతడు అక్కడ మారుని సైనికుడు కాడు, కేవలం కాపలావాడు. ఆ తేడా కూడ గమనించదగినదే.

వినయపిటకంలోని చుల్లవగ్గలో ఛబ్బగ్గియ భిక్షువులు విహారంలో స్త్రీపురుష రూపాల చిత్రాలు వేయించడం, ప్రజలు తప్పుపట్టడం, బుద్ధుడు దానిని నిషేధించి పూలదండల పని, లతల పని, మకరదంతపు పని మాత్రం అనుమతించడం వర్ణితమై ఉంది. ఈ నియమాన్ని అక్షరాలా పాటిస్తే అజంతా మిగలదు, అమరావతీ మిగలదు. కనుక రోంగ్ ఖున్ గోడను ఒక్కదానినే ఆ నియమంతో కొట్టడం న్యాయం కాదు. నా అభ్యంతరం వేరు.

సంప్రదాయ క్రమంలో మారవిజయం ఎవరి కంటికి ఎదురుగా ఉంటుంది? బుద్ధుని కంటికి. ఉపాసకుడు వచ్చి ప్రతిమకు అభిముఖంగా కూర్చుంటాడు. మారుడు అతని వీపు వెనుక ఉంటాడు. వందన, శీలగ్రహణం, ధర్మశ్రవణం అన్నీ అయిన తరువాత, లేచి ఇంటికి మళ్ళినప్పుడు మాత్రమే అతడు ఆ గోడను చూస్తాడు. బయట లోకంలో కాచుకుని ఉన్నది ఏమిటో, దానిని ఎవరు జయించారో గుర్తు చేసే చివరి చూపు అది. ఎంత యోచనతో కుదిర్చిన క్రమం! రోంగ్ ఖున్‌లో చిత్రాన్ని ఆ గోడ మీదనే ఉంచారు, కాని క్రమం తలకిందులైంది. వంతెన మీదుగా ఒకే దిక్కుకు సాగే జనప్రవాహం లోపలికి రాగానే, చాలామంది రెండడుగులు వేసి వెనక్కి తిరుగుతారు. ప్రతిమ ముందు కూర్చుని మోకరిల్లేవారు లేకపోలేదు. మిగిలినవారి మెడలన్నీ మంటల వైపు సాగి ఉంటాయి. ఏ బొమ్మ ఎక్కడుందో వెతికి వేలితో చూపుకుంటారు. మాతో వచ్చిన స్థవిరులు ప్రతిమకు మూడుమార్లు వందనం చేసి లేచి, ఇక్కడ మారుని దర్శించాలంటే శాస్తకు వీపు చూపక తప్పదు కదా అని మాత్రం అన్నారు. అంతకన్న కఠినమైన విమర్శ నేను రాయలేను.

దోషమంతా జనానిది అనవచ్చు. కాని జనం ఎటు చూస్తారో ఎరగని చిత్రకారుడు కాడాయన. ఆ గోడ మీద ఉన్నన్ని పరిచిత రూపాలు ప్రతిమ వెనుక లేవు. అక్కడ బంగారుకాంతి, ప్రశాంతత ఉన్నాయి. ప్రశాంతత పోటీలో ఓడిపోతుందని తెలిసీ దానిని పోటీకి నిలిపారు.

దీనికన్న లోతైన ప్రశ్న ఒకటుంది. సుత్తనిపాతంలోని పధాన సుత్తంలో మారుని సేనల పరిగణన ఉంది. కామం మొదటి సేన. ఆపైన అరతి, ఆకలిదప్పులు, తృష్ణ, జడత్వం, భయం, సంశయం వరుసగా వస్తాయి. చివరి పంక్తులలో నిలిచేవి లాభం, కీర్తి, సత్కారం, అన్యాయంగా గడించిన యశస్సు, ఆత్మస్తుతి, పరనింద. ఈ జాబితాలో పరదేశి లేడు, ఆయుధం లేదు. అంతా చిత్తంలోనే. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు మారసేనను పొట్టి భూతాలుగా, వికృత ముఖాలుగా చెక్కినప్పుడు వారికి ఈ భావం అడ్డు రాలేదు. ఆ రూపాలకు ఊరూ పేరూ లేవు కనుక ప్రతి ప్రేక్షకుడూ తన భూతాన్ని వాటిలో చూసుకోగలడు. రోంగ్ ఖున్ గోడ మీద ప్రతి రూపానికీ పేరుంది. అది చెడ్డ రాజనీతి, ఇది యుద్ధం, ఇది వినోద వ్యామోహం, అది పెట్రోలు దాహం. పేరున్న దోషం ఇతరులది అవుతుంది. అక్కడ నిలిచిన వ్యక్తి తనది కాని పాపాన్ని చూసి నవ్వుకుని వెళ్ళిపోతాడు. ఇంతకీ ఆ పధాన సుత్తపు చివరి సేన, కీర్తి, సత్కారం, ఆ గోడ మీద ఎక్కడ ఉంది? నేను వెతికినంతలో కనబడలేదు.

ఇక్కడ కర్త పేరు సంగతికి రాక తప్పదు. ఈ విహారాన్ని ఎవరు తలచినా ఆయన పేరు తలచే మాట్లాడతారు. భిక్షుసంఘం పేరు, ఆచార్యుని పేరు అడిగేవారు అరుదు. ఈ నిర్మాణం బుద్ధునికి అర్పణ అని, దీని వలన తాను మరణం తరువాతా నిలిచి ఉంటానని చలెర్మ్‌చాయ్ అనేకసార్లు చెప్పుకున్నారు. మొదటి మాట దానానిది, రెండవది కీర్తిది. అలాగని ఆయనను దాతల పొగడ్త కోరుకునేవానిగా చిత్రించడం అన్యాయం. ఒక్కొక్క దాత నుంచి 10,000 బాత్‌కు మించి విరాళం తీసుకోరాదని ఆయన పెట్టుకున్న నియమం నిజంగా మెచ్చదగినది. ధనవంతుడు వచ్చి ఈ గోడ ఇలా ఉండాలి, ఆ ద్వారానికి నా తండ్రి పేరు పెట్టాలి అనే అవకాశం దానితో మూసుకుపోయింది. కొత్త విహారాల సంఘాలు ఈ ఒక్క నియమాన్ని అరువు తెచ్చుకున్నా చాలా చిక్కులు తప్పుతాయి. అయితే దాత ఆధిపత్యాన్ని తొలగించినప్పుడు ఆ ఖాళీ చోటులోకి సంఘం రావాలి. ఇక్కడ కళాకారుడు వచ్చాడు. అనాథపిండికుడు చిత్రం వేయించేముందు అడిగించాడన్న కథను ఈ సందర్భంలో మళ్ళీ గుర్తు చేసుకోవాలి.

మన శాసనాలు ఈ విషయంలో ఏమంటున్నాయి? అమరావతిలో చెక్కినవాని పేరు దాదాపు దొరకదు, ఇచ్చినవాని పేరు దొరుకుతుంది. విధికుడు అనే చర్మకారుడు, నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడు, తల్లి, భార్య, సోదరులు, కుమారుడు, కుమార్తెలు, బంధువులతో కలిసి పూర్ణఘటం ఉన్న పలకను దానం చేశాడు. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజకుటుంబపు చాంతిసిరి స్తంభాలున్నాయి. తంబపణ్ణి స్థవిరుల కోసం కట్టించిన ఉపాసిక బోధిసిరి శాసనమూ ఉంది. రాజకాంతకూ చర్మకారునికీ ఒకే చేతియం మీద చోటు దొరకడమే ఆ స్తూపాల ఘనత. కళాకారుని పేరు ఉండరాదని మాత్రం మన సంప్రదాయం అనలేదు. జగ్గయ్యపేట స్తూపం వద్ద మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరపు శాసనం ఉంది. అందులో దాత సిద్ధార్థుడు. వృత్తిచేత ఆవేసని, అంటే శిల్పి. తండ్రి నాగచంద్రుడూ ఆవేసనియే. వెలగిరిలోని మహాచేతియపు తూర్పుద్వారం వద్ద అయిదు ఆయక స్తంభాలను తల్లి, భార్య, బిడ్డలతో కలిసి సర్వసత్త్వ హితసుఖార్థం నిలిపినట్లు చెప్పుకున్నాడు. సొంత ధనంతో, సొంత వృత్తిలో, తన పేరుతో. చలెర్మ్‌చాయ్‌కి పదిహేడు వందల ఏండ్ల నాటి సోదరుడు కృష్ణాతీరంలోనే ఉన్నాడన్నమాట.

తేడా ఎక్కడంటే, సిద్ధార్థుడు అయిదు స్తంభాలు ఇచ్చాడు; చేతియం అందరిది. అతని పని పక్కన మరొకరి పని నిలవడానికి చోటుంది. అతని రీతి నచ్చనివాడు పడమటి ద్వారం వైపు ప్రదక్షిణ సాగించవచ్చు. రోంగ్ ఖున్‌లో పడమటి ద్వారం లేదు. గడప నుంచి మరుగుదొడ్డి వరకు, కొలనులోని నీడ వరకు, ఒక్క మనసే. యాత్రికుడు తన పేరు రాసి వేలాడగట్టే చిన్న లోహపు ఆకులు మాత్రం ఉన్నాయి. వేలాది ఆకులు గాలికి కదులుతూ ఉంటాయి. ఆ ఆవరణలో అనేకుల చేతి వ్రాత కనబడే చోటు అదొక్కటే. నాకు అమరావతి దాతలను గుర్తు చేసినదీ అదే.

ఇంకొక మాట, రూపాల సాంద్రత గురించి. మన తొలి శిల్పులు ఖాళీ సింహాసనం, పాదముద్రలు, బోధివృక్షం, అగ్నిస్తంభం చెక్కి శాస్తను చూపారు. ఖాళీ ఆసనం ముందు వంగిన దేవతల వెన్నుల వంపులోనే ఆయన ఉన్నాడు. రోంగ్ ఖున్‌లో ఒక్క జానెడు గోడ కూడ ఊరక నిలిచి లేదు. ప్రతి వంపుకూ ముందే నిర్ణయించిన అర్థం ఉంది, ఆ అర్థాన్ని చెప్పే పలక ఉంది. చూసేవానికి తెలుసుకోవడం మిగులుతుంది, ఊహించడం మిగలదు. రాత్రి ఆ తెలుపు ఎలా ఉంటుందో, వానలో ఎలా ఉంటుందో అనిపించింది నాకు. బహుశ అప్పుడే దానికి కొంత మౌనం దొరుకుతుందేమో.

వారసత్వ పరిశోధకులకు అసలు పాఠం 2014లో ఉంది. ఆ సంవత్సరం మే 5న చియాంగ్ రాయ్ ప్రాంతంలో 6కు మించిన తీవ్రతతో భూకంపం వచ్చింది. శిఖరపు కొస విరిగింది, గచ్చు పెళ్ళలు రాలాయి, లోపలి చిత్రాలు బీటలువారాయి. భద్రత కోసం కూల్చివేయక తప్పదని చలెర్మ్‌చాయ్ మొదట ప్రకటించారు. ఇంజనీర్లు పరీక్షించి మూలనిర్మాణం గట్టిగానే ఉందని చెప్పిన మీదట, మర్నాడే, తిరిగి బాగుచేస్తానని మనసు మార్చుకున్నారు. బాగుచేశారు కూడ. మనం కూలినదానిని కాపాడే వృత్తిలో ఉన్నాం. పలక పగిలితే పగిలినట్లే ఉంచుతాం, కొత్త ముక్క వేస్తే వేరు రంగులో కనబడనిస్తాం. అక్కడ కర్తయే సజీవుడు. పగిలిన చిత్రాన్ని మళ్ళీ వేస్తే అది మూలమా, ప్రతియా? వేస్తున్నప్పుడు ఆయన మనసు మారి బొమ్మ మారితే? ఆయన తరువాత శిష్యులు 2070 వరకు వేసేది ఎవరి పని? మనం రాసుకున్న పరిరక్షణ సూత్రాలలో వేటికీ ఈ కేసు లొంగదు. లొంగనందుకే దానిని అధ్యయనం చేయాలి.

పూర్తి కాని పని మన సంప్రదాయానికి అపరిచితం కాదు. మహావంసంలో, మహాథూపం పూర్తికాకముందే దుట్ఠగామణి మరణశయ్య చేరగా, తమ్ముడు సద్ధాతిస్సుడు తెల్లని వస్త్రంతో స్తూపాన్ని కప్పించి, పూర్తయిన రూపాన్ని అన్నకు చూపుతాడు. ఆ తరువాత నిజమైన పనిని పూర్తిచేయించినదీ అతడే. తెలుపు అక్కడ ఒక తమ్ముని కరుణ. రోంగ్ ఖున్‌కు అటువంటి తమ్ములు కావాలి. ఈ ప్రాంతంలో ఆయన శిష్యుడొకరు రూపొందించిన నీలివిహారం, వాట్ రోంగ్ సువా తెన్, 2016లో దాని ఉపోసథాగారంతో జనాదరణ పొందింది. అది గురువు రీతిని నీలిరంగులో ముంచినట్లుంటుంది. ఎక్కువ చెప్పుకోవలసినది లేదు. థవాన్ దుచనీ నల్లని గృహసముదాయాన్ని దీనికి జంటగా చూపి స్వర్గనరకాలని వర్ణించడం మార్గదర్శకుల సరదా మాత్రమే. అది విహారమే కాదు.

ఇదంతా మనకెందుకు? ఎందుకంటే మన నేల మీద కూడ కొత్త బౌద్ధ నిర్మాణాలు లేస్తున్నాయి. అమరావతిలో 125 అడుగుల ధ్యానబుద్ధుడున్నాడు. నాగార్జునసాగర్‌లో 274 ఎకరాల బుద్ధవనం 2022లో ప్రారంభమైంది. అందులోని మహాస్తూపం అమరావతి రీతిని కాంక్రీటులో అనుసరించింది. మనవారు ఎంచుకున్న దారి అనుకరణ. పాత పలకను కొలిచి కొత్త పలక చెక్కడం. అందులో తప్పు పట్టడానికి తక్కువ ఉంటుంది, ప్రాణమూ తక్కువే ఉంటుంది. ఏ భిక్షువూ, ఏ ఉపాసికా, ఏ చర్మకారుడూ ఆ గోడల మీద తన పేరు వెతుక్కోడు. రెండూ పర్యాటక దృష్టితో వెలసినవే. రోంగ్ ఖున్ కర్త తన కాలపు మారుని గీయడానికి సాహసించాడు. మన కాలపు మారుడు ఎలా ఉంటాడో మన శిల్పి ఇంకా ఊహించనైనా లేదు. ఈ సాహసం విషయంలో నా ఓటు చియాంగ్ రాయ్‌కే. అక్కడి గోడ తప్పు చేసిందని చర్చించగలుగుతున్నాం. ఇక్కడి గోడ గురించి చర్చించడానికి ఏమున్నది?

ఆ ప్రణాళికలో ధ్యానశాల, ధాతుమందిరం ఉన్నాయని పైన చెప్పాను. ఈ విహారం గురించిన చివరి తీర్పు అవి నడిచే తీరును బట్టే ఉంటుంది. ధ్యానశాల గోడలను చిత్రకారుడు ఖాళీగా వదలగలడా, ధాతువు చుట్టూ ప్రదక్షిణకు వెడల్పైన దారి ఉంచగలడా అన్నవి చూడాలి. సంస్థ తరఫున వెళ్ళదలచిన పరిశోధకులకు ఒక సూచన: తలుపులు తెరిచే వేళకే చేరండి. ద్వారపు గోడను చివర చూడండి. ముందు ప్రతిమ ఎదుట కాసేపు కూర్చోండి.